గంగమ్మ చెయ్యెత్తిన లైను

దయ్యాలు లేవని ఊరూరా వాదించినవాణ్ణి నేను. చేతబడి చేస్తామన్నవాళ్ల ఇళ్ల ముందు నిలబడి, నా మీద చేసి చూపించమని సవాలు విసిరాను. ఆ సవాలును ఈ రోజుకీ వెనక్కి తీసుకోను. ఇదే సంగతి ఇంకొకరు రాసి ఉంటే అందరికంటే ముందు నవ్వేది నేనే.

నాది హిందూపురం. వెబ్‌సైట్లు తయారు చేయడం నా వృత్తి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల్లో ఇదే పని చేసుకునే ఆరుగురం ఆదివారం మధ్యాహ్నాలు పెనుకొండలో ఒక బడి గదిలో కలుస్తాం. మాకొక నియమం ఉంది. ఎవరు రాసిన కోడ్ అయినా అందరి ముందూ పైకి చదివి, ప్రతి లైనూ ఎందుకు రాశారో తెలుగులో చెప్పాలి. పెద్ద కంపెనీవాళ్లు ఇలాగే రాస్తారు అనే జవాబు అక్కడ చెల్లదు. ఇంతకంటే మంచి హేతువాద సభను నేను చూడలేదు.

ఆ బడి ఊడ్చే గంగమ్మ గడప దగ్గర కూర్చుని వింటూ ఉంటుంది. ధర్మవరంలో నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. చదువు లేదు. ఒకనాడు, ధర్మవరం నుంచి వచ్చే ఖాజా తన కోడ్ చదువుతుంటే చెయ్యెత్తింది.

"ఆడ నిలుపప్పా. ఆడ పోగు తెగిండాది."

నవ్వాం. చూస్తే తప్పు సరిగ్గా ఆ లైనులోనే ఉంది. తర్వాత కూడా చాలాసార్లు అలాగే జరిగింది. నాకు ఆశ్చర్యం కలగలేదు. అనుమానమున్న చోట చదివేవాడి గొంతు తడబడుతుంది. మగ్గం చప్పుడులో తేడా పట్టిన చెవికి అది అందుతుంది. పరీక్ష కూడా చేశాను. ఒక కోడ్‌లో నేనే తప్పు దాచి, ఆ సంగతి తెలియనివాడి చేత చదివించాను. ఆమె పట్టలేదు. నా వివరణ నిలబడింది.

ఆ తర్వాత ధర్మవరంలోని ఒక పిల్లల ఆసుపత్రి కోసం నేనొక వెబ్ పేజీ రాశాను. నర్సు బిడ్డ బరువు కొడితే మందు ఎంత వేయాలో అది చెబుతుంది. బరువు తీసుకునే లైను చదవగానే గంగమ్మ చెయ్యెత్తింది. ఈసారి పోగు మాట అనలేదు.

"వద్దప్పా. దాన్ని పంపొద్దు."

ఆరుగురం గంటసేపు వెతికాం. తప్పు దొరకలేదు. పంపేద్దామన్నాను. ఖాజా ఒప్పుకోలేదు.

"ఏమబ్బా, ఒక్క దినం ఆగితే నీ హేతువాదం సస్తుందా? రేపు నేనే ఆసుపత్రికి పోయి చూసొస్తా."

సోమవారం ఆసుపత్రి నుంచే ఫోన్ చేశాడు. పేజీతో పాటు వాడటానికి కొత్తగా తెచ్చిన తూకం మిషన్ కిలోలు కాదు, పౌండ్లు చూపిస్తోంది. పది కిలోల బిడ్డకు ఇరవై రెండు. ఆ అంకె కొట్టి ఉంటే మందు రెండింతలకు పైగా పడేది.

ఆ మిషన్‌ను అంతకుముందు మాలో ఎవరూ చూడలేదు. నాకే తెలియని తప్పు దగ్గర నా గొంతు ఎలా తడబడుతుంది?

మిషన్‌ను కిలోలకు మార్పించాం. బరువుకూ వయసుకూ పొంతన కుదరకపోతే పేజీ ఆగిపోయేలా చేశాను. మరుసటి ఆదివారం అదే లైను మళ్లీ చదివాను. గంగమ్మ మళ్లీ చెయ్యెత్తింది. ఏం తెగిందవ్వా అని అడిగాను.

"తెగడం గాదప్పా. బిడ్డ ఏడుస్తాండాది. పోయిన వారం నుంచీ ఏడుస్తానే ఉండాది. మీకు ఇనపడలేదా?"

బడిలో మేం తప్ప ఎవరూ లేరు. ఖాజా లేచి గదులన్నీ చూసి వచ్చాడు.

మూడు వారాలుగా వెతుకుతున్నాం. కోడ్ సరిగ్గా ఉంది. మిషన్ సరిగ్గా ఉంది. మందుల పట్టికను డాక్టరు రెండుసార్లు సరిచూశారు.

నిన్న హెడ్ నర్సు ఫోన్ చేసి, చేత్తో వేసే లెక్కలు తప్పుతాయనే కదా మిమ్మల్ని అడిగాం, ఎందుకు ఆపారు అంది. చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. గంగమ్మకు వినపడుతున్నది పేజీ పంపితే ఏడవబోయే బిడ్డో, పంపనందుకు ఇప్పుడే ఏడుస్తున్న బిడ్డో నాకు తెలియదు. పేజీ ఇంకా నా దగ్గరే ఉంది.