టమోటా పెట్టెలో వెళ్లిపోయిన బొమ్మ

మా చిన్నప్పుడు బొమ్మలు సర్దుకోవడానికి రంగురంగుల డబ్బాలు ఎక్కడివి... మాకు టమోటా పెట్టెలే! మా నాయన మదనపల్లె టమోటా మండీలో గుమాస్తా. విరిగిన చెక్క పెట్టెలు ఇంటికొస్తే అమ్మ మేకులు కొట్టి, అడుగున పాత చీర పరిచి, మా ఆటసామాన్లు అందులో వేసేది.

మండీ ఖాళీ పెట్టెలు కూడా మా అరుగు మీదే పేర్చి ఉండేవి. రోజూ మధ్యాహ్నం టెంపో శీనప్ప వచ్చి, వాటిని సోమల వైపు తోటలకు వేసుకుపోయేవాడు. తలుపు కొట్టడం, అడగడం ఏమీ ఉండదు. అరుగు మీద పెట్టె ఉందంటే అది తోటకు పోవాల్సిందే.

ఆ ఎండాకాలం సెలవుల్లో కుప్పం నుంచి మా అత్తావాళ్లు వస్తున్నారని అమ్మ ఇల్లు సర్దడం మొదలుపెట్టింది.

"ఇది ఇల్లా, సంతా? యాడ కాలు పెడితే ఆడ బొమ్మలే!"

రెండు పెట్టెలు తెచ్చింది. ఒకటి ఉంచుకునేవాటికి. ఒకటి వీధి చివర మగ్గాల ఇళ్ల పిల్లలకు ఇచ్చేవాటికి. నా లక్కపిడతలు సగం ఇచ్చే పెట్టెలోకి పోయాయి. తమ్ముడు నానిగాడివి మాత్రం ఒక్కటీ ముట్టుకోలేదు!

నానికి అప్పుడు ఐదేళ్లు. పుట్టినప్పటి నుంచి వినపడదు. అమ్మానాయనా రెండేళ్లు బెంగళూరు చుట్టూ తిరిగితే చెవి మిషను వచ్చింది. చొక్కా జేబులో చిన్న డబ్బా, దాన్నుంచి చెవిలోకి ఒక వైరు. వచ్చి మూడు నెలలే. వాడి నోట 'అమ్మా' అన్న మాట మేం మొదటిసారి విన్నది ఆ మూడు నెలల్లోనే...

నాకేమో కుళ్లు. ఉండింది, ఎందుకు దాచాలి? అమ్మ వంటింట్లోకి వెళ్లగానే, నిద్రపోతున్న నాని గుడ్డబొమ్మను తీసి, ఇచ్చే పెట్టెలో అట్టడుగున తోసేశాను. బొమ్మ మెడకు నల్లగా ఏదో చుట్టి ఉంది. చూశాను... ఏదో తాడులే అనుకున్నాను. పైన గోనెసంచి కప్పి, పెట్టెను అరుగు మీదకు లాగేశాను. ఖాళీ పెట్టెల్లో గోనెసంచులు వేసి తోటలకు పంపడం మామూలేనని ఆ క్షణంలో గుర్తు రాలేదు.

నాని నిద్ర లేచాడు. పడుకునేటప్పుడు మిషను తీసి గూట్లో పెట్టడం అలవాటు. గూడు ఖాళీ.

"మిషను యాడ పెట్నావు రా చిన్నా?" అమ్మ చెవి చూపించి అడిగింది. వాడు రెండు చేతులూ గుండెకు హత్తుకుని, బొమ్మను ఎత్తుకున్నట్టు ఊగాడు. అమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది... బొమ్మ మెడకున్నది తాడు కాదు, మిషను వైరు.

"నువ్వేమన్నా సూసినావా పాపా?"

"ల్యా... సూడల్యా" అన్నాను.

సరిగ్గా అప్పుడే బయట టెంపో స్టార్ట్ అయింది. నాలుగు అంగలేస్తే పట్టుకునేదాన్ని. ఆ చప్పుడు వీధి మలుపు దాకా వింటూ నిలబడ్డాను.

అమ్మ పరుపులు దులిపింది, బియ్యం డబ్బా కూడా బోర్లించింది. చివరికి గడప మీద కూలబడి ఏడ్చేసింది. "ఈ బిడ్డ మళ్లీ నన్ను అమ్మా అంటాడా..."

ఇక ఆగలేకపోయాను. జరిగిందంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నా. కొట్టలేదు. నానిని పక్కింట్లో వదిలి, నా చెయ్యి పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా మండీకి పరుగెత్తింది.

నాయన ఎవరిదో టీవీఎస్ అడిగి తెచ్చి, నన్ను వెనక ఎక్కించుకున్నాడు. పుంగనూరు దాటాం. తల తిప్పకుండానే అడిగాడు.

"సూసే యేసినావా?"

"ల్యా నాయనా... మిషనని తెల్దు."

ఆయన బండి వేగం పెంచాడు. నాకు మాత్రం కళ్ల ముందు ఒకటే... ఎవరో ఆ బొమ్మను తీసి నీళ్ల కాలవలోకి విసిరేస్తున్నట్టు.

సోమల దగ్గర మూడో తోటలో టెంపో కనిపించింది. నా లక్కపిడతలు మట్టిలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. గట్టు మీద గుడ్డబొమ్మ ఒక్కటే కూర్చుని ఉంది. కాయలు కోసే ఆడవాళ్లు నలుగురు దానికి దూరంగా నిలబడి చూస్తున్నారు!

"ఏమప్పా, ఈ బొమ్మకి వైరుండాది. కరెంటేమో అని కట్టెతో ఎత్తి ఆడ పెట్నాం, ఎవురం సేత్తో ముట్టల్యా" అంది ఒకామె.

నాయన గట్టు మీదే చతికిలబడి, ఆ బొమ్మను ఒళ్లోకి తీసుకుని, దాని గౌనులో దాగిన మిషను డబ్బా తడిమి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూసింది అదే మొదలు.

పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాం. అమ్మ నాని చెవిలో మిషను పెట్టింది. "చిన్నా" అని పిలిచింది. వాడు తల తిప్పి చూసి, "అమ్మా" అన్నాడు.

అమ్మ వాణ్ణి ముద్దులతో ముంచేసి, బొమ్మ చెవి చూపించి కారణం అడిగింది. "దీనికి యాల పెట్నావు రా?"

వాడు బొమ్మను పిలుస్తున్నట్టు చెయ్యి ఊపాడు. అది పలకడం లేదన్నట్టు తల అడ్డంగా తిప్పాడు. "బొమ్మ... ఇనబల్యా" అన్నాడు.

అది పలకకపోవడం వినపడకేనని వాడి లెక్క. అందుకని తన చెవి దానికిచ్చాడు. పిచ్చి సన్నాసి!

ఇప్పుడు మా పాప బొమ్మలు సర్దడానికి మూతల డబ్బాలున్నాయి. ఏది తీసేయాలన్నా పాపను పక్కన కూర్చోబెట్టుకుని అడిగి మరీ తీస్తాను. అప్పుడు అమ్మకు చెప్పిన 'ల్యా' ఇంకా గొంతులోనే ఉంది మరి... ఇప్పటి బొమ్మలు బటన్ నొక్కితే వాటంతట అవే మాట్లాడేస్తాయి. వాటికి తన చెవి తీసి ఇవ్వాలని ఏ పిల్లాడికి తోస్తుంది?

మీ ఇంట్లో కూడా సర్దుడులో కొట్టుకుపోయిన బొమ్మ ఒకటి ఉండే ఉంటుంది... అది ఎవరిదో చెప్పండి.