లింగయ్య మామ మోసిన బిల్డు

దయ్యాల ముచ్చట్లు మొదలైతే కూర్చుని పల్లీలు తిని, నవ్వుకుంటూ లేచొచ్చే రకం నేను. ఇప్పుడు నన్ను చూసి మీరు నవ్వుకున్నా ఏమనుకోను.

మాది కోడేరు. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, చూసుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఆరోజు సాయంత్రం ఐదింటిలోగా ప్రోగ్రామ్ తయారుచేసి పంపకపోతే సోమవారం నుంచి హైదరాబాద్ ఆఫీసుకు రావాల్సిందేనని మా మేనేజరు తేల్చేశాడు.

ప్రోగ్రామ్ ముక్కలన్నీ చివర్లో ఒక్కటిగా కలిపేది లింకర్. వేగం కోసం అది అన్నిటినీ ఒకేసారి మెమరీలోకి లాక్కుని చక్కబెడుతుంది. నా లాప్‌టాప్‌లో ఉన్నది పదహారు జీబీ. అది నిండగానే లింకర్ చచ్చేది. తెలిసిన సెట్టింగులన్నీ మార్చి చూసి, విసుగొచ్చి మళ్లీ మొదటివే పెట్టాను.

మధ్యాహ్నం ఐదోసారి ఆగిపోతే ఏడుపొచ్చింది. "మళ్ల సచ్చింది లింకర్!" అని అరిచాను.

"లింగన్న పోయి రెండేండ్లాయె, ఇప్పుడేంది గట్ల అంటవ్?" అంది అమ్మ మంచం మీంచి.

లింగయ్య మా మేనమామ. వలస కూలీల గుంపుకు మేస్త్రి. కాలువ పనుల్లో ఎవరైనా తట్ట నిండా మట్టి ఎత్తితే తిట్టి, సగం తీయించేవాడు.

"మామ గాదమ్మా, లింకర్. బరువంత ఒక్కపారే ఎత్తి సస్తుంది."

అమ్మ చెవికి మాత్రం లింగన్నే. కర్ర పట్టుకుని లేచొచ్చి, జొన్నరొట్టె, పల్లికారం ఉన్న పళ్లెం లాప్‌టాప్ పక్కన పెట్టింది. "అన్నా, జర తిను. కొంచెం కొంచెం మొయ్యి."

నాకు ఒళ్లు మండింది. ఏమీ మార్చకుండా మళ్లీ మొదలుపెట్టి చూస్తూ కూర్చున్నాను.

మెమరీ తొమ్మిది దాకా ఎక్కి దిగింది. మళ్లీ ఎక్కింది, దిగింది. తట్టలు మోసి కుమ్మరిస్తున్నట్టే. మూడూ యాభైకి ముక్కలన్నీ కలిసి బిల్డు పూర్తయింది! ప్రోగ్రామ్‌కు పెట్టిన పరీక్షలన్నీ పాసయ్యాయి. నేను వేసిన కేకకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. హైదరాబాద్ ప్రయాణం రద్దు.

"మా అన్న పని నడుమల ఇడిసిపెట్టే మనిషి గాదు," అంది అమ్మ. ఆమెకు ఆశ్చర్యమే లేదు.

మర్నాడు అదే కోడ్, అవే సెట్టింగులతో మూడుసార్లు నడిపాను. మూడుసార్లూ పదహారు నిండి చచ్చింది. ఆరోజు మెమరీ ఎక్కిదిగిన లెక్కంతా నమోదైన లాగ్ చూసిన తోటి ఇంజనీరు ఇది జరిగే పని కాదన్నాడు. ఆరోజు తయారైన ప్రోగ్రామ్ ఫైలు మాత్రం ఇవాళ్టికీ నడుస్తోంది.

మామ ఎన్నో కాలువలు తవ్వించాడు, ఎక్కడా ఆయన పేరు లేదు. అందుకే ఆ ప్రోగ్రామ్‌లో 'తయారుచేసినవారు' అన్నచోట నా పేరుకంటే ముందు లింగయ్య అని రాశాను.