ఆరో నిమిషంలో వచ్చే గొంతు

మల్లికార్జున్ పాట విడుదలైన సంగతి అతనుండే అమెరికా ఊరు ప్లేనోలో దాదాపు ఎవరికీ తెలియదు. పగలంతా టెలికాం కంపెనీలో నెట్‌వర్కులు చూసుకునే నలభై రెండేళ్ల మనిషి, ఇంటికొచ్చి బట్టల గదిలో దూరి, వేలాడే కోట్ల మధ్య లాప్‌టాప్ పెట్టుకుని డాన్స్ సంగీతం కడతాడంటే మనవాళ్లు ఏమంటారో వేరే చెప్పాలా? కోట్లుంటే గది మార్మోగదు. పక్క అపార్ట్‌మెంటు వాళ్లకూ గొడవ ఉండదు. ఎవరి పిచ్చి వారికానందం.

అతను చేసేది ప్రోగ్రెసివ్ రకం. అన్ని క్లబ్బుల్లోనూ వేసే సరుకు కాదు, వెతుక్కుని వినేవాళ్లు వింటారు. మొదటి రెండు నిమిషాలూ ఉత్త దరువే. తర్వాత దాని మీద ఒక్కో పొరా నెమ్మదిగా వచ్చి చేరుతుంది. నిదానమే ప్రధానం. బుడాపెస్ట్‌లో ఇద్దరే మనుషులు నడిపే ఓ చిన్న మ్యూజిక్ కంపెనీ, 2011 సెప్టెంబరులో అతని పాటనూ, దానికి వేరేవాళ్లు చేసిన మూడు రీమిక్సులనూ కలిపి ఆన్‌లైన్‌లో పెట్టింది. ఉండబట్టలేక ఆఫీసులో తోటి ఉద్యోగి అంజయ్యకు వినిపించాడు. అంజయ్య ఇయర్‌ఫోన్ తీసి చేతిలో పెట్టి, "అన్నా, నీ వాషింగ్ మెషిన్ మంచిగనే తిరుగుతుంది గానీ, పాటేది?" అన్నాడు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

అసలు పాట ఆరో నిమిషంలో ఉంది. అక్కడ దరువు ఒక్కసారిగా ఆగిపోతుంది. ఉయ్యాల కిర్రుమంటుంది. మూడేళ్ల పాప గొంతు, కాస్త సాగదీసినట్టుగా, "ఇంకా ఊపు నాన్నా, ఇంకా!" అంటుంది. పాత వీడియో టేపులోంచి అతను ఎత్తి పెట్టుకున్న గొంతు అది.

ఆ పాప అతని కూతురు దేదీప్య. ఇప్పుడు పద్నాలుగేళ్లు, తల్లి దగ్గర ఉంటుంది. విడాకులప్పుడు కోర్టు అతనికి కొన్ని శనాదివారాలూ, బడి నడిచే రోజుల్లో గురువారం సాయంత్రాలూ ఇచ్చింది. శనాదివారాలను ఆ పిల్ల వాలీబాల్ టోర్నమెంట్లు మింగేశాయి. గురువారం మిగిలింది. అదీ కూతుర్ని వాలీబాల్ ప్రాక్టీసుకు దింపే కారు ప్రయాణంగా చిక్కిపోయింది. ఆ పాట చేసింది ఆ పిల్ల కోసమే. అతను నోరు విప్పి చెప్పకుండా, తన గొంతును ఆ పిల్లే గుర్తుపట్టాలి. అంతకు మించి అతను ఈ విడుదల నుంచి ఏమీ ఆశించలేదు.

రీమిక్సులు చేసిన ముగ్గురూ ఆ గొంతును తీసేశారు. "చాలా ముద్దుగా ఉంది, కానీ డాన్స్ ఫ్లోర్ మీద పనికిరాదు" అని ఒకడు మర్యాదగా రాశాడు కూడా. జనం దింపుకుంటున్నది ఆ రీమిక్సులనే. మల్లికార్జున్‌కు ఒళ్లు మండింది, ఆ మంట చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మొదటి గురువారం కారులో పాట పెట్టాడు. దేదీప్య ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే ఇంగ్లిషులో అడిగింది. వాళ్లిద్దరి మాటలూ ఎప్పుడూ ఇంగ్లిషులోనే.

"డాడీ, సాంగ్ ఎప్పుడు స్టార్ట్ అవుతుంది?"

"స్టార్ట్ అయిందమ్మా. కొంచెం ఆగు."

ప్రాక్టీసు జరిగే జిమ్ వచ్చేసింది గానీ గొంతు రాలేదు. తల్లి ఇంటికీ జిమ్‌కూ మధ్య దూరం అయిదు నిమిషాలే మరి. మధ్యలోంచి పెట్టొచ్చుగా అంటారా? అతనితో అని చూడండి! ఆకలి వేయనిచ్చి అన్నం పెట్టాలి గానీ, కారెక్కిన పిల్ల నోట్లో ముద్ద కుక్కుతామా అంటాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు.

తర్వాతి గురువారం మళ్లీ పాట పెట్టి, ఎడమకు తిరగాల్సిన చోట కారును నేరుగా పోనిచ్చాడు.

"డాడీ, టర్న్ మిస్ చేశావ్! లేట్ అయితే కోచ్ అందరితో రన్ చేయిస్తుంది!"

"అయ్యో, చూసుకోలేదమ్మా. ముందు యూటర్న్ తీసుకుంటాలే."

అబద్ధం ఆడినందుకు సిగ్గేసింది. అయినా ఆ యూటర్న్ కూడా వదిలేసి, ఇంకో సిగ్నల్ దాకా వెళ్లి తిరిగాడు. దేదీప్య ఉసూరుమంటూ స్నేహితురాళ్లకు మెసేజ్ కొట్టింది. జిమ్ పార్కింగ్‌లోకి తిరుగుతుండగా దరువు ఆగింది. ఉయ్యాల కిర్రుమంది.

ఆ పిల్ల తల ఎత్తింది.

"ఆ... సో క్యూట్! ఆ బేబీ మాట్లాడేది స్పానిషా?"

అతను కారును గీతల మధ్య సరిగ్గా నిలిపి, గేరు మార్చి, అప్పుడు అన్నాడు.

"కాదమ్మా, తెలుగు."

"రియల్లీ? ఏమంటుంది?"

"ఉయ్యాలలో ఉంది. ఇంకా ఊపమంటోంది వాళ్ల నాన్నను."

"ఎవరు, డాడీ?"

'నువ్వే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? తన గొంతునూ తన భాషనూ తనే పోల్చుకోలేదని ఆ పసిది చిన్నబుచ్చుకుంటుంది. ఆ ముఖం పెట్టుకుని ప్రాక్టీసుకు వెళుతుంది. దానికోసమా ఇన్నాళ్లూ కోట్ల మధ్య కూర్చున్నది?

"నాకు తెలిసిన పాపేలే," అన్నాడు.

"షీ సౌండ్స్ హ్యాపీ," అంది దేదీప్య. బ్యాగు భుజాన వేసుకుని తలుపు మూసి, ఆలస్యమైందని జిమ్ వైపు పరుగు తీసింది.