నాలుగు గంటల దూరం

"దుబాయి నాలుగు గంటలే చెల్లే. కారేపల్లి నుంచి హైదరాబాద్ పోయేంత సేపు గూడ పట్టదు" అన్నాడు ఏజెంట్ మోతీలాల్.

రెండున్నర వేల కిలోమీటర్లని కూడా అన్నాడు గాని, ద్వాలికి అది అంతు పట్టలేదు. నాలుగు గంటలంటే మాత్రం తెలుసు. పొద్దున చేలో దిగి, గట్టెక్కి అంబలి తాగేసరికి అయిపోయే కాలం. ఆపదొస్తే మొగుడు మధ్యాహ్నానికల్లా తండాలో ఉంటాడనుకుంది. ఆ ధైర్యంతోనే రూప్‌సింగ్‌ను సాగనంపింది. మోతీలాల్ నోట్లో మన్ను పడ, ఆ విమానం ఎక్కడానికి ఎవరెవరు ఒప్పుకోవాలో చెప్పనే లేదు.

ఏడాది దాటింది. అడవి అంచున వాళ్లకు మూడెకరాల పోడు. ఇద్దరూ మొద్దులు పెకలించి, రాళ్లు ఏరి చేసుకున్న నేల. కాగితమంటూ లేదు. ఎవరొచ్చి పొమ్మంటారోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని విత్తనం వేసేవాళ్లు. ఇప్పుడేమో సర్కారు హక్కుపత్రాలిస్తుందట. గురువారం సర్వేకొస్తారట. మొగుడూ పెళ్లాం చేలో నిలబడి ఫొటో దిగాలట. సోమవారం ఆ కబురు తెలియగానే ద్వాలి మిరప కోత మానుకుని, కారేపల్లి దాకా నడిచి, బొజ్జయ్య ఫోన్ బూత్‌లో కూలబడింది.

"నాలుగు గంటలే గదా, బుధవారం ఎక్కు. ఫొటో దిగి మళ్ల పోదువు."

అవతల రూప్‌సింగ్ గొంతు తగ్గించాడు.

"పాస్‌పోర్టు మా సేటు బీరువాల ఉంది ద్వాలీ. రెండేండ్లు నిండాలంటడు. అడిగి చూస్త."

"కాళ్లు పట్టుకోనైనా అడుగు. ఇప్పుడు ఎక్కకపోతే చేను మనది గాదంటరు."

బుధవారం సాయంత్రం బొజ్జయ్య కబురంపాడు. సేటు ఇవ్వనన్నాడట. ద్వాలికి ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

గురువారం సర్వేవాళ్లు రాకముందే మరిది దేవ్లా ఉతికిన చొక్కా వేసుకుని చేలోకి వచ్చాడు.

"వదినా, నేను నిలబడ్త. అన్న పేరే చెప్దాం. మా ఇద్దరి మొహాలు ఒక్కతీరే ఉంటయి."

తండా అంతా అదే మంచిదంది. దేవ్లా చెడ్డవాడేం కాదు. కాని కాగితం మీద పడ్డ ముఖాన్ని రేపు ఎవరు తుడుస్తారు? రూప్‌సింగ్ వచ్చి తన చేలో నిలబడ్డ తమ్ముడి ఫొటో చూసుకోవాలా? ఒళ్లు మండింది ద్వాలికి. వద్దంది.

సర్వే సారు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"నీ పెనిమిటి ఏడమ్మా?"

"దుబాయిల ఉన్నడు సారు."

"ఎప్పుడొస్తడు?"

నాలుగు గంటలన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఎరుక లేదు."

ఆయన ఏదో రాసుకుని, ఆమెనొక్కదాన్నే నిలబెట్టి ఫొటో తీయించాడు.

హక్కుపత్రం చేతికొచ్చేసరికి మరో ఆరు నెలలు పట్టింది. బొజ్జయ్య చేత చదివించుకుని, ద్వాలి అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"చేను వచ్చిందా?" రూప్‌సింగ్ గొంతులో ఎంత ఆత్రమో.

"వచ్చింది. నా పేర."

"నా పేరు?"

"లేదు. ఒంటరి మహిళ అని రాసిండ్రు."

"గట్లెట్ల రాస్తడు? నేను బతికే ఉన్న గదా. ఎవడు వాడు?"

"ఆయన్నేం అనకు" అంది ద్వాలి. "తప్పేం రాయలే."