హత్యల ఊరికి అత్తయ్యగారితో

మా అత్తయ్యగారు కాకినాడ నుంచి ఆక్లండ్ శివారు పాపకూరలో ఉన్న మా ఇంటికి వచ్చిన మొదటి నెలంతా మేమిద్దరం మాట్లాడుకున్నది ఇంతే.

"భోంచేశారా అల్లుడుగారూ?"

"అయిందండీ. మీరు?"

"ఆయ్, అయిందండీ."

ఆ తర్వాత ఆవిడ కిటికీలోంచి పక్కింటి పిల్లిని చూసేవారు, నేను ఫోన్ చూసుకునేవాణ్ణి. ఆవిడ ఒక అమ్మాయిల హాస్టల్లో ఏళ్ళ తరబడి వార్డెన్‌గా చేసి రిటైరయ్యారు. నడవాలో చెప్పుల చప్పుడు విని ఏ గది పిల్ల గోడ దూకి వస్తోందో చెప్పేసేవారట. కాలేజీ రోజుల్లో మా వార్డెన్ దగ్గర తిన్న చీవాట్లు నాకింకా గుర్తే. అందుకేనేమో, పెళ్ళయి మూడేళ్ళయినా ఆవిడ ఎదురుగా నేనెప్పుడూ సోఫాలో వెనక్కి వాలి కూర్చోలేదు.

మా ఆవిడ నర్సు. ఆ చలికాలం ఆమెకు వరసగా సాయంత్రం షిఫ్టులే పడ్డాయి. నేను టైల్స్ షోరూమ్‌లో పని ముగించుకుని వచ్చేసరికి బయట చీకటి, ఇంట్లో అత్తయ్యగారు. మా మధ్య గదిని వెచ్చబరిచే హీట్ పంపు ఒక్కటే మాట్లాడేది.

ఒకరోజు ఏం చెయ్యాలో తోచక టీవీలో ఛానళ్ళు తిప్పుతుంటే ఇక్కడి సీరియల్ ఒకటి తగిలింది. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. నెరిసిన జుట్టు, రబ్బరు బూట్లు వేసుకున్న ఇన్‌స్పెక్టరమ్మ. చెక్క వంతెన కింద ఒక శవం. అత్తయ్యగారు చేతిలో గరిటెతో వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయారు.

"ఎవరు చంపారండీ?"

"ఇప్పుడే మొదలైందండీ."

"ఆ గళ్ళ చొక్కావాడే. వాడి చూపు చూడండి, గేటు దగ్గర అబద్ధమాడే పిల్లలు అచ్చం ఇలాగే చూసేవారు."

గళ్ళ చొక్కావాడు పావుగంటలో తనే చచ్చిపోయాడు. ఆవిడ ఏమాత్రం తగ్గకుండా ఇంకొకర్ని అనుమానించారు. కాసేపయ్యాక, "వీళ్ళ యాస నాకు బోధపడ్డం లేదండీ. కాస్త మీరు చెప్తారా?" అన్నారు.

నిజమే. పెన్ను అడిగితే పిన్ను అడిగినట్టుండే ఈ దేశపు ఇంగ్లీషు మొదటి ఏడాది నన్నూ తిప్పలు పెట్టింది. సరేనని చెప్పడం మొదలుపెట్టాను. మొదట్లో వార్తలు చదివినట్టు చెప్పేవాణ్ణి. రానురాను ఇన్‌స్పెక్టరమ్మకొక గొంతు, దొంగలకొక గొంతు పెట్టడం అలవాటైంది. హత్య జరిగినప్పుడు తాను వేరేచోట ఉన్నానని ఒకడు సాక్ష్యం చూపిస్తుంటే దాన్ని తెలుగులో ఎలా చెప్పాలా అని నేను తడబడ్డాను. "అవుట్‌పాస్ అన్నమాట," అని ఆవిడే తన హాస్టల్ భాషలో తేల్చేశారు. ఆనాటి నుంచి మా ఇంట్లో అనుమానితులందరికీ అవుట్‌పాసులే.

పాత సీజన్లన్నీ వెతికి చూశాం. వారానికో హత్య. "ఇంతమంది పోయాక ఆ ఊళ్ళో రొట్టెలు కొనేవాళ్ళు ఎవరు మిగిలారండీ?" అని ఆవిడ సీరియల్లోని బేకరీవాడి గురించి నిజంగానే దిగులుపడేవారు.

ఈ పిచ్చి చూసి మా ఆవిడ ఆ సీరియల్ తీసిన ఊరెక్కడో ఆరా తీసింది. క్రైస్ట్‌చర్చ్ దాకా విమానంలో వెళ్ళి, అక్కణ్ణుంచి కారులో వెళ్ళొచ్చట. ముగ్గురికీ టికెట్లు బుక్ చేసేసింది. తీరా బయల్దేరే ముందు ఆమె రోస్టర్ మారింది.

"మీరిద్దరూ వెళ్ళి రండి," అంది.

"మేమిద్దరమేనా?"

"ఏం, మా అమ్మ కొరుకుతుందా?"

టీవీ ముందు మాట్లాడ్డం వేరు, టీవీ లేకుండా రెండ్రోజులు మాట్లాడ్డం వేరు. క్రైస్ట్‌చర్చ్ ఎయిర్‌పోర్టులో అద్దె కారు ఎక్కిన దగ్గర్నుంచి నా భయమే నిజమైంది. ఆవిడ ఒళ్ళో చేగోడీల డబ్బా పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నారు. మంచు పేరుకున్న పచ్చిక, గొర్రెలు, మళ్ళీ గొర్రెలు. "గొర్రెలండీ," అన్నాను. "ఆయ్," అన్నారు. చాలాసేపటి వరకు అదే మా సంభాషణ.

కొండ దిగుతుంటే ఊరు కనబడింది. ఆవిడ ఒక్కసారిగా సీట్లో ముందుకు జరిగారు.

"అదిగోనండీ, వంతెన! నెమ్మది, నెమ్మదిగా పోనివ్వండి."

కారు పక్కన ఆపి నడిచాం. సీరియల్లో పోలీస్ స్టేషన్‌గా చూపించే ఇటుక కట్టడం నిజానికి పాత బట్టలు, సామాన్లు అమ్మే దుకాణం. లాకప్ ఉండాల్సిన చోట పిల్లల స్వెట్టర్లు వేలాడుతున్నాయి. ఆవిడ ముఖం కాస్త చిన్నబోయింది. బేకరీ మాత్రం అచ్చం బేకరీగానే ఉంది. జనం వరసలో నిలబడి మాంసం కూరి కాల్చిన పైలు కొనుక్కుంటున్నారు. "హమ్మయ్య," అన్నారు.

ఇక మిగిలింది కొండ మీది నీలం గేటు ఇల్లు. సీరియల్లో ఇన్‌స్పెక్టరమ్మ ఉండేది అందులోనే. మేం ఆయాసపడుతూ ఎక్కి వెళ్ళేసరికి ముసలావిడ ఒకరు గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్నారు. తలెత్తి మమ్మల్ని చూసి నవ్వారు. అత్తయ్యగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"అల్లుడుగారూ, ఈవిడ చచ్చిపోయిందండీ!"

"ఏంటండీ?"

"ఆకుపచ్చ స్వెట్టరు. వంతెన కింద. ఆవిడేనండీ!"

తేరిపార చూస్తే నిజమే. మేం చూసిన మొదటి శవం ఆవిడే. ఆ ముసలావిడ ఏమైందన్నట్టు నా వైపు చూశారు. వేరే దారిలేక చెప్పేశాను. "క్షమించండి, మా అత్తగారు మీరు చనిపోయారంటున్నారు."

ఆవిడ కత్తెర కింద పడేసి పడీపడీ నవ్వారు. షూటింగ్‌కి ఇల్లిచ్చినందుకు సరదాగా తనకో వేషం ఇచ్చారట. పొద్దుటంతా తడి ఇసుకలో కదలకుండా పడుకోవాలన్నారట. తుమ్ము వచ్చి మూడుసార్లు మళ్ళీ చచ్చానని చెప్పి, టీకి లోపలికి రమ్మన్నారు.

లోపలికి వెళ్తే అంతా వేరే. సీరియల్లో కనిపించే పెద్ద హాలూ లేదు, పుస్తకాల గోడా లేదు. ఇరుకు నడవాలో ఆరేసిన బట్టలున్నాయి. ఇంటి లోపలి సీన్లన్నీ ఆక్లండ్‌లో ఒక గోడౌన్‌లో సెట్ వేసి తీశారట. ఎక్కడని అడిగితే చెప్పారు. పాపకూర నుంచి నేను రోజూ పనికి వెళ్ళే దారే! అత్తయ్యగారు నావైపు చూసిన చూపులో, ఇంత దూరం విమానమెక్కించి తీసుకొచ్చిందెవరన్న ప్రశ్న ఉంది.

వంటగదిలో టేబుల్ చుట్టూ కూర్చున్నాం. అత్తయ్యగారు చేగోడీల డబ్బా మూత తీశారు. ఆ ఇంటావిడ ఒకటి తీసుకుని బిస్కెట్టులా టీలో ముంచుకున్నారు. అత్తయ్యగారు కళ్ళు పెద్దవి చేసి చూసి, తనూ ఒకటి ముంచుకున్నారు.

మాటల్లో నేను, "మిమ్మల్ని చంపిందెవరో తెలిసినప్పుడు మీకేమనిపించింది?" అని అడిగాను.

ఆవిడ కప్పు కింద పెట్టారు. "నాకు తెలియదు. ఇద్దరం కలిసి చూడ్డానికి కూర్చున్నాం. నన్ను ఇసుకలో చూడగానే మా ఆయన లేచి టీవీ ఆపేశాడు. ఉత్త నటనే కదా అంటే, నాకు తెలుసులే అన్నాడు. మళ్ళీ పెట్టనివ్వలేదు. ఆయన పోయాక ఒక్కదాన్నే చూడబుద్ధి కాలేదు."

నేను ఈ మాటలు తెలుగులో చెబుదామని తిరిగేసరికి అత్తయ్యగారి చెయ్యి అప్పటికే ఆవిడ చేతి మీద ఉంది.

"నేను చెప్తానండీ కథ. మీరు ఇంగ్లీషులో చెప్పండి," అన్నారు నాతో.

చీర కొంగు బిగించి మొదలుపెట్టారు. చక్కెర డబ్బా ఇన్‌స్పెక్టరమ్మ, టీ కెటిల్ వంతెన, చేగోడీలు అనుమానితులు. ఆవిడ చెప్పే ప్రతి వాక్యాన్నీ నేను ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. మేనల్లుడు ఇంటి మీద ఆశతో అత్తను వంతెన మీంచి తోసేశాడు, ఇన్‌స్పెక్టరమ్మ వాడి బూటుకంటిన మట్టి చూసి పట్టుకుంది. ఇంతవరకు సీరియల్లో ఉన్నదే. "వాడికి అంత తెలివి లేదండీ, వెనకాల ఉండి ఎగదోసింది వాడి పెళ్ళాం," అన్నారు చివర్లో. అది సీరియల్లో లేదు కాబట్టి నేను ఆ ముక్క వదిలేశాను.

"మీరొకటి వదిలేశారండీ," అన్నారు అత్తయ్యగారు. ఇంటావిడవైపు తిరిగి శుభ్రంగా ఇంగ్లీషులోనే చెప్పారు. "ఆ అబ్బాయి ఉత్త అమాయకుడు. అసలు నేరం భార్యది. పోలీసులు ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు."

"నేనూ అదే అనుకున్నాను!" అన్నారు ఇంటావిడ. "షూటింగప్పుడు ఆ పిల్ల నాకు టీ తెచ్చిచ్చింది. అప్పుడే నాకు నచ్చలేదు."

ఇక వాళ్ళకు నాతో పనిలేకపోయింది. యాసకు యాస ఎదురు మాట్లాడుకుంటూ ఊళ్ళో జరిగిన హత్యలన్నీ తిరగదోడారు. నేను కప్పులు కడిగాను. వచ్చేటప్పుడు ఆవిడ గేటు దాకా వచ్చి, ఈ రాత్రికి ఆ ఎపిసోడ్ పెట్టుకుని చివరిదాకా చూస్తానని, ఆ భార్య మీద ఓ కన్నేసి ఉంచుతానని అన్నారు.

కొండ దిగుతూ అడిగాను. "యాస బోధపడ్డం లేదన్నారు కదండీ?"

"మొదట్లో పడలేదు. ఓ రెండు వారాలకు అలవాటైపోయింది."

"మరి ఇన్నాళ్ళూ ప్రతి ముక్కా నాచేత చెప్పించుకున్నారు?"

ఆవిడ మెట్లు చూసుకుంటూనే చెప్పారు.

"మీరు చెప్తుంటే బాగుండేదండీ. ఆ దొంగ గొంతూ అదీ. నాకు తెలిసిపోయిందని చెబితే మీరు మళ్ళీ ఫోన్ చూసుకుంటారు, నేను పిల్లిని చూసుకోవాలి."

నేను దొంగ గొంతుతోనే, "మేడమ్, నాకు అవుట్‌పాస్ ఉంది," అన్నాను. ఆవిడ మెట్టు మీద ఆగిపోయి, రెయిలింగ్ పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. అంత గట్టిగా నవ్వగలరని నాకు తెలియదు.

తిరుగు ప్రయాణంలో గొర్రెల్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ మేనల్లుడికి ఎంత శిక్ష పడి ఉంటుందన్న దగ్గర మాకు పేచీ వచ్చింది. పెళ్ళాం మాట విన్నందుకు సగం శిక్ష తగ్గించాలని నేను, వినేవాడికి రెట్టింపు వెయ్యాలని ఆవిడ. విమానంలోనూ అదే.

ఆక్లండ్ ఎయిర్‌పోర్టుకు మా ఆవిడ కారు తీసుకుని వచ్చింది. మేం వాదించుకుంటూనే వచ్చి, ఇద్దరం వెనక సీట్లో ఎక్కేశాం. ఆమె స్టీరింగ్ ముందు ఒంటరిగా కూర్చుని, అద్దంలోంచి మమ్మల్ని మార్చి మార్చి చూసింది.

"ఎక్కడికి పోనివ్వమంటారు, సార్?" అంది.