ఎస్పరాంటో, నవాహో, మా భాజీ దాయీ

నా చిన్నప్పుడు నాకు పద్నాలుగు భాషలు వచ్చేవి. ఈ మాట మా మనవరాలికి చెప్పాను. అది నమ్మి స్కూల్లో కూడా చెప్పింది. నిజానికి రెండున్నర. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆటల్లో సగం ఛత్తీస్‌గఢీ.

ఈ మధ్య స్కూల్లో దాన్ని రెండు భాషలు పోల్చి రాయమన్నారు. ఎస్పరాంటోనీ నవాహోనీ ఎంచుకుంది. మొదటిది ఒక కళ్ళ డాక్టరు కూర్చుని కల్పించిన భాషట. ఎవరి సొంతమూ కాదు గనక అందరికీ అందరూ అర్థమవుతారని ఆయన ఆశ. చిక్కులు తక్కువ, తొందరగా పట్టుబడుతుందట. రెండోది అమెరికాలో ఒక ఆదివాసీ జాతి వాళ్ళది. ఒక వస్తువు అందించాలన్నా అది తాడా, గుండ్రటిదా, మెత్తటి ముద్దా అన్నదాన్నిబట్టి మాట మారిపోతుందట. బళ్ళో ఆ భాష మాట్లాడితే పిల్లల్ని దండించిన సర్కారే, యుద్ధం రాగానే శత్రువుకు అంతుపట్టని సందేశాల కోసం ఆ భాష దగ్గరికే వెళ్ళిందట.

"తాతా, దోనోం మే అచ్ఛీ కౌన్‌సీ?" అని అడిగింది, రెండింట్లో ఏది మంచిదని. దానికి తెలుగు అర్థమవుతుంది, నోటికి రాదు.

నాకు మా భాజీ దాయీ గుర్తొచ్చింది.

రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ ముందుకి రోజూ పొద్దున్నే ఒక ముసలామె ఆకుకూరల గంపతో వచ్చేది. ఇక్కడ ఆకుకూర భాజీ, పెద్దామె దాయీ. బేరమంతా హిందీలో సాగేది. అసలు మాటలు మాత్రం మా అమ్మా, పక్కింటి అత్తయ్యా ఆమె ఎదుటే తెలుగులో అనుకునేవారు. ఆ వీధిలో మా తెలుగు మాకు తలుపు వేసుకున్న గది.

"ఏటి వదినా, దీని కట్టలు నా జడకన్నా సన్నంగున్నాయి!" అనేది అమ్మ.

"నీ జడెప్పుడో అయిపోనాది గానీ, కట్టే నయం," అనేది అత్తయ్య.

దాయీ తల వంచుకుని కట్టకు దారం బిగించేది. ఒక్కోసారి మరీ ఎక్కువసేపు బిగించేది.

బేరం అయ్యాక గంప ఆమె నెత్తికెత్తడం నా పని. ఒకరోజు నాకు తెలివి ఎక్కువై, ఆమె ముందే అన్నాను: "అమ్మా, ఈ ముసల్ది సచ్చిపోతే ఈ గంప నాకిచ్చెయ్యమను. బండి సేసుకుంతాను." అమ్మ కసిరింది గానీ నవ్వాపుకోలేకపోయింది. దాయీ నా జేబులో గుప్పెడు చింతకాయలు పోసింది. గంప ఎత్తుతుంటే నా చెవి దగ్గరికి వంగింది.

"ఓరి గుంటడా, నానెల్లిపోయాక గంప నీకేలే. నాకు తెలుగొచ్చని మీయమ్మకి సెప్పకు. తెలిస్తే నా ముందర మాటాడరు."

నా చేతిలో గంప ఒరిగిపోయింది.

తర్వాతి రోజుల్లో గంప ఎత్తినప్పుడల్లా ఒక్కొక్క మాట చెప్పింది. ఏడేళ్ళప్పుడు మన వైపు నుంచి తల్లితో రైలు పట్టాల పనికి వచ్చిందట. తల్లి జ్వరంతో పోతే తిల్దా అనే ఊరి దగ్గర ఒక ఛత్తీస్‌గఢీ ఇంటివాళ్ళు పెంచుకున్నారట. మళ్ళీ తెలుగు వినబడింది మా గుమ్మం ముందే. ఆమె తెలుగుకి ఇంకా ఏడేళ్ళే. ముడతల మొహంతో "బువ్వ తిన్నావేటి?" అని అడిగేది.

ఆ రహస్యం ఎవరికీ చెప్పలేదని మనవరాలితో గొప్పగా అన్నాను. అదీ అబద్ధమే. నాలుగు రోజులు ఆగాను. ఐదో రోజు మధ్యాహ్నం అన్నం దగ్గర అమ్మ మా అన్నయ్య మార్కుల్ని మెచ్చుకుంటోంది. అంతకన్నా పెద్ద కబురు నా దగ్గర ఒక్కటే ఉంది. చెప్పేశాను.

అమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. ఎన్నేళ్ళుగా దాయీ ముందు ఏమేం అనుకుందో అన్నీ గుర్తొచ్చి ఉంటాయి. జడలూ కట్టలే కాదు, పురిట్లోనే పోయిన మా చెల్లెలి గురించి అత్తయ్యతో చెప్పుకుని ఏడ్చింది కూడా ఆ గుమ్మంలోనే. చెల్లెలు పోయిన ఆ వారమంతా దాయీ కూర ఇచ్చి, డబ్బు తీసుకోకుండానే వెళ్ళిపోయేది. మతిమరుపు అనుకున్నాం.

"అయితే అప్పుడు..." అంది అమ్మ.

మర్నాడు అమ్మ దాయీ మొహం చూడకుండా హిందీలో కూర అడిగి, తీసుకుని, లోపలికి వెళ్ళిపోయింది. అత్తయ్యా అంతే. కోపం కాదు, సిగ్గు. ఆ బజారు హిందీ మా కాలనీకి ఎస్పరాంటో లాంటిది. అందరికీ అర్థమయ్యేది, అందులో ఎవరూ ఏడ్చేవారు కాదు. దాయీ లోపలి గుమ్మం వైపు చూసింది, తర్వాత నా వైపు. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. గంప ఎత్తించుకుని, "ఖుసీ రహ్, బాబూ" అని ఛత్తీస్‌గఢీలో దీవించి వెళ్ళింది. నాతో మళ్ళీ తెలుగు మాట్లాడలేదు.

ఇంకొన్నాళ్ళు వచ్చింది. కూర అమ్ముడైపోయినా కాసేపు గుమ్మం ముందు కూర్చునేది. తర్వాత రావడం మానేసింది. చలికాలంలో వేరే ఆవిడ ఎవరో ఖాళీ గంప తెచ్చి మా అరుగు మీద పెట్టింది. "దాయీ కహే రిహిస్, టుకనీ బాబూ లా దే దేబే," అంది. దాయీ చెప్పి పోయిందట, గంప అబ్బాయికివ్వమని.

ఆ గంప ఇప్పటికీ నా దగ్గరుందని చెబితే బాగుంటుంది. లేదు. బండీ చేసుకోలేదు. అడుగు ఊడేదాకా అమ్మ అందులో ఉల్లిపాయలు పోసింది.

మనవరాలికి జవాబు ఇంకా చెప్పలేదు. మా ఆవిడ పోయాక ఇంట్లో తెలుగు ఆగిపోయింది. అందుకని సాయంత్రాలు రాయ్‌పూర్ టాటీబంధ్ చౌరస్తాలో, ఆంధ్రా లారీలు ఆగే టీ కొట్టు దగ్గర కూర్చుంటాను. మొన్న ఇద్దరు డ్రైవర్లు వచ్చారు. "ఈ ముసలోడు బెంచీ మొత్తం ఆక్రమించాడ్రా, రిజిస్ట్రేషన్ చేయించుకున్నట్టు," అన్నాడొకడు.

నవ్వు వచ్చింది. దారం బిగించడానికి నా దగ్గర కట్ట లేదు. గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. తర్వాత కొంచెం జరిగి, "బైఠో భయ్యా" అన్నాను.

వాళ్ళు కూర్చున్నారు. తెలుగులో మాట్లాడుకుంటూనే ఉన్నారు.