చాచా కారులో లాప్‌టాప్ స్టాండు

ఆ రోజుల్లో నాకు నా తెలివి మీద ఉన్నంత నమ్మకం ఇప్పుడు దేని మీదా లేదు. చదువు అయిపోగానే సిద్దిపేటలో ఒక వినికిడి యంత్రాల షాపులో చేరాను. ఊళ్లకు వెళ్లి, చెవులు సరిగా వినపడని పెద్దవాళ్లకు పరీక్ష చేసి, ఎవరికి యంత్రం అవసరమో రాసుకుని రావడం నా పని. ఊళ్లో నిశ్శబ్దంగా ఉండే గది దొరకడం అంత తేలిక కాదు. పంచాయతీ ఆఫీసులో కూర్చుంటే ఫ్యాను మోత, బడిలో కూర్చుంటే పిల్లల మోత. అందుకని కారే మా పరీక్ష గది. అద్దాలు ఎక్కించి, ఇంజను ఆపి, వెనక సీట్లో తాతనో అవ్వనో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టేదాన్ని. ముందు సీట్లో నేను, నా ఒళ్లో లాప్‌టాప్. నేను మీట నొక్కితే వాళ్ల చెవిలో 'కుయ్' మంటుంది. వినపడితే వేలెత్తాలి. (ఎండాకాలంలో అద్దాలు మూసిన కారు ఎలా ఉంటుందో అడగకండి. వేలెత్తినవాళ్లలో సగం మంది బయటికి పోనిమ్మని ఎత్తారేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.)

చిక్కల్లా ఆ హెడ్‌ఫోన్ వైరుతో వచ్చింది. తాత తల తిప్పితే లాప్‌టాప్ కూడా తిరిగేది. ధూళిమిట్టలో ఒక తాత పరీక్ష మధ్యలో కిటికీలోంచి చూస్తే ఆయన బర్రె పక్కవాళ్ల చేలోకి పోతూ కనిపించింది. హెడ్‌ఫోన్ సంగతి మరిచి తలుపు తీసి దిగిపోయాడు. లాప్‌టాప్ ఆయన వెంట బయలుదేరి గేరు రాడ్డుకు కొట్టుకుని నేల మీద పడింది. ఒక మూల పగిలింది. సాయంత్రం షాపు నడిపే సార్ ఆ మూలను వేలితో తడిమి చూసి, "ఇంకొక్కపారి కింద పడ్డదంటే నిన్ను ఊర్లకు పంపియ్య. ఈడనే కూసొని పేర్లు రాసుకుందువు. కార్ల పెట్టనీకి మంచి స్టాండు నువ్వే సూస్కో" అన్నారు. పొద్దున్నే కారెక్కి ఊళ్లు తిరగడం అప్పట్లో నాకు ప్రాణం. షాపులో కూర్చుని పేర్లు రాసుకోవడమంటే జైలే.

కారు, మేమంతా చాచా అని పిలిచే పెద్దాయనది. షాపువాళ్లు కిరాయికి మాట్లాడుకున్నారు, నడిపేది కూడా ఆయనే. కారును ఎంత ముద్దుగా చూసుకునేవాడంటే, స్టాండు మాట ఎత్తగానే ఒకే ఒక్క షరతు పెట్టాడు. "ఏమన్న పెట్టుకో బేటా, నా బండికి చిల్లు మాత్రం పడొద్దు."

మొదట అద్దానికి అతుక్కునే రబ్బరు స్టాండు తెప్పించాను. గజ్వేల్ చేరకముందే ఎండకు రబ్బరు మెత్తబడి, లాప్‌టాప్‌తో సహా నా మోకాళ్ల మీద వాలింది. (నేల మీద పడలేదు కాబట్టి సార్‌కు చెప్పలేదు.) తర్వాత ఇంట్లోంచి చపాతీ పీట పట్టుకొచ్చి సీటు బెల్టుతో కట్టాను. అది రెండు రోజులు బాగానే పనిచేసింది, ఇంట్లో చపాతీలు ఆగిపోయాయి. మూడో రోజు అమ్మ వచ్చి కారులోంచి పీట తీసుకుపోయింది. అప్పుడు చాచా, "మా బావమరిదికి వెల్డింగ్ దుకాణం ఉన్నది, సూపిద్దాం పా" అన్నాడు.

ఆ బావమరిది కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, ముందు సీటు కిందికి దూరి, అక్కడ సీటును బిగించిన బోల్టులు విప్పాడు. వాటి కింద ఇనుప పట్టీ పెట్టి మళ్లీ బిగించాడు. పట్టీ మీద ఒక రాడ్డు, రాడ్డు మీద అంచులున్న పళ్లెం. కారుకు చిల్లు పడలేదు. పళ్లెంలో సగం నీళ్లు పోసిన స్టీలు గ్లాసు పెట్టి పొన్నాల దాకా పోయి వచ్చాం. రెండు చుక్కలు తప్ప ఒలకలేదు. చాచా స్టాండు మీద అరచెయ్యి ఆనించి, "మజ్బూత్ ఉన్నది" అని తీర్పు చెప్పాడు.

మజ్బూతే. ఏ తాత ఎటు దిగిపోయినా లాప్‌టాప్ కదల్లేదు. కానీ కారు కదిలితే చాలు, పళ్లెం గడగడమని మోగేది. బస్సులో ఖాళీ పాలక్యాన్ల పక్కన కూర్చున్నట్టు ఉండేది నా పని. చాచాకు చెబితే చెయ్యి ఆనించి, "ఏడున్నది చప్పుడు? సూడు, జరంత గూడ కదుల్తలేదు" అనేవాడు. నా పోరు పడలేక ఒకసారి పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టి, "ఇగ బందైంది" అన్నాడు. బంద్ కాలేదు. "గిప్పటి పిల్లలు నాజూకు" అని నవ్వాడు. నెల రోజులు ఓర్చుకున్నాను. ఒకరోజు తల పగిలిపోతుంటే, ఆయన ముఖం మీదే అనేశాను.

"మీ బావమరిది చేసిండనే గదా చాచా, చప్పుడు లేదంటున్నవ్? నాకు చెవుల్లేవనుకుంటున్నవా?"

చాచా మరునాడు రోజూలాగే నాకు చాయ్ తెచ్చాడు గానీ, స్టాండు మీద పెట్టి మాట్లాడకుండా దిగిపోయాడు. నాకు గిల్టీగా అనిపించింది. అయినా న్యాయం నా వైపే ఉందని గట్టిగా అనుకున్నాను.

ఆ రోజు జగదేవ్‌పూర్‌లో ఒక అవ్వ హెడ్‌ఫోన్ చూసి జంకింది. "గది పెట్టుకుంటే కరెంటు కొట్టదా బిడ్డా? ముందుగాల ఆ డ్రైవరును పెట్టుకోమను, నేను సూస్త" అంది. చాచా తప్పించుకోబోయాడు. "నాకెందుకవ్వా, నాకు మంచిగనే ఇనొస్తది." అవ్వ వదల్లేదు. "మొగోనివి, నీకే గంత భయముంటే నాకెంతుండాలె?" చేసేది లేక అవ్వ పక్కన కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. నేను మీట నొక్కాను, ఆయన వేలెత్తాడు. మళ్లీ నొక్కాను, మళ్లీ ఎత్తాడు. మూడోసారి మీట మీద వేలు ఆనించానో లేదో, అవ్వ ఏదో అడగడానికి వెనక నుంచి నా భుజం తట్టింది. నేను నొక్కకుండా ఆగిపోయాను. చాచా వేలు మాత్రం లేచింది.

ఆయన వింటున్నది చెవులతో కాదు. సీట్ల సందులోంచి నా చేతిని చూస్తున్నాడు. నేను ఆయన ముఖం చూశాను. నేను చూశానని ఆయనకు తెలిసిపోయింది, వేలు మెల్లగా దించాడు. "సూసినవా అవ్వా, కరెంటు కొట్టలే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తిరిగి వస్తుంటే కిటికీ వైపు చూస్తూ, "కారు జర ఆపు చాచా" అన్నాను. కారు ఆగలేదు. భుజం మీద చెయ్యి వేస్తే ఆగింది. నేను మాట్లాడినప్పుడల్లా ఆయన రోడ్డు వదిలి నా ముఖం చూసేవాడు. నా మాటలు అంత ముద్దొస్తాయి కాబోలని మురిసిపోయేదాన్ని. పెదవులు చూసి మాట పట్టుకుంటున్నాడని ఒక్కరోజూ తోచలేదు. అదీ నా చదువు.

"రెండేండ్లయితుంది. మెల్లమెల్లగ పోయినయ్. సార్‌కు చెప్పకు బేటా" అన్నాడు స్టీరింగ్ వైపు చూస్తూ. "చెవులు ఇనరానోని కార్ల ఎవరు కూసుంటరు? ఈ ఈడుకు నాకు ఇంకేం పని వస్తది?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన నా వైపు తిరిగి, "స్టాండు నిజంగనే చప్పుడైతుందా?" అని అడిగాడు.

"అయితుంది చాచా."

"బాగనా?"

"బాగనే."

"మావోడు ఎన్నడు పని సక్కగ చేసిండు గనక. నేనే ఊరంత మెచ్చుకుంట తిరిగిన" అన్నాడు. ఏడుస్తూనే ఇద్దరం నవ్వాం.

అక్కడే, పత్తి చేను పక్కన, అద్దాలు ఎక్కించి చాచాకు పరీక్ష చేశాను. ఈసారి నా చేతిని చున్నీ కింద దాచుకున్నాను. వినికిడి బాగా తగ్గింది గానీ, యంత్రం పెడితే వినగలడు. "సార్‌కు చెప్పకుంటే యంత్రమెట్ల వస్తది చాచా, ఇద్దరం పోదాం" అని రెండు రోజులు బతిమాలాను. చివరికి వెళ్లాం. చాచా తలుపు దగ్గరే నిలబడిపోయాడు. సార్ నా కాగితం చూసి, నన్ను చూసి, "దీపం కింద చీకటంటే గిదే" అన్నారు. తర్వాత చాచాను కుర్చీలో కూర్చోబెట్టి, యంత్రాలు స్వయంగా అమర్చి, "రేపు పొద్దుగాల దుబ్బాక పోవాలె, జల్ది రా" అన్నారు. చాచా భయం అప్పుడు తీరింది.

మరునాడు కారు వంద అడుగులు పోయిందో లేదో, చాచా పక్కకు తీసి ఆపాడు. స్టాండు వంక చూశాడు. "గిదా?" అన్నాడు. గిదే అన్నాను. "నెల దినాలు గీ మోతల కూసున్నవా బేటా?" అని పానా తీసుకుని కిందికి దూరాడు. లేచి వచ్చి బయలుదేరాక, మలుపు దగ్గర ఇండికేటర్ వేశాడు. అది టిక్కుటిక్కుమంటుంటే మలుపు తిరిగిన తర్వాత కూడా ఆపలేదు. వెనక బండ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. నేను ఆపమనలేదు.

ఇప్పుడు నాకు మందపాటి తలుపులున్న పరీక్ష గది ఉంది. లోపలికి ఎవరు వచ్చినా, ముందు నా పెదవులు కనపడకుండా వాళ్ల వెనక్కి వెళ్లి మెల్లగా పేరు పెట్టి పిలుస్తాను. ఆ కారులో మాత్రం స్టాండు ముందు సీటుకు ఉండేదని నేను రోజూ చాచా పక్కనే కూర్చునేదాన్ని. ఒక్కరోజైనా వెనక సీట్లో కూర్చుని "చాచా" అని పిలవని ఆ తెలివైన పిల్లను తలుచుకుంటే, కోపం రావాల్సింది పోయి నవ్వొస్తుంది.